మూడు దగ్గర ఆగిన మామయ్య

మా మామయ్యని ఆయన శిష్యులు ‘ఐదు బై పద్దెనిమిది మాస్టారు’ అంటారు. గంటకి కిలోమీటర్లని సెకనుకి మీటర్లలోకి మార్చాలంటే ఐదు బై పద్దెనిమిదితో గుణించాలని ఎంతమంది బుర్రల్లోకి ఎక్కించారో లెక్కలేదు. పిల్లలు వెళ్ళిపోయాక మా మీద పడేవారు. నేను కాపురానికి వచ్చిన వారానికే, "అమ్మాయ్, రోజూ నీ జడకి ఇరవై నిమిషాలు. అంటే ఏడాదికి ఐదు రోజులు, రాత్రింబవళ్ళు అద్దం ముందే!" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. జడ మాత్రం మానలేదు.

"మీ అత్తయ్య నిమిషానికి నూట యాభై మాటలు" అనేవారు.

"మీరు వినేది గంటకి ఒకటి. అది కూడా మార్చి చెప్పండి" అనేది అత్తయ్య.

అలాంటి ఇంట్లో, మామయ్య గుండె ఆపరేషన్ తర్వాత లెక్కలు ఆగిపోయాయి. డాక్టరమ్మ ఒకటే షరతు పెట్టింది. గంటకి నాలుగున్నర కిలోమీటర్ల వేగంతో అరగంట ఆయాసం లేకుండా నడిస్తేనే మళ్ళీ పాఠాలు చెప్పుకోవచ్చట. అత్తయ్య తమ్ముడు ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో దొరికిన ట్రెడ్‌మిల్ తెచ్చి ముందుగదిలో పడేశాడు. మామయ్య పొద్దున్నే దాని మీదకి ఎక్కేవారు. తెర మీద మూడు అంకె దాకా అరగంటైనా హాయిగా నడిచేవారు. మూడు దాటితే రొప్పు. వారాలు గడిచినా అంతే.

"నాలుగున్నర ఎక్కడ, మూడెక్కడ! నా పని అయిపోయిందమ్మా" అన్నారు ఒకరోజు.

శిష్యుల్ని వేరే మాస్టారిని చూసుకోమన్నారు. గ్యాస్ బండ మార్చడం, ఫ్యూజు వేయడం అత్తయ్యకి నేర్పడం మొదలుపెట్టారు. నాకు భయం వేసింది. నా జడ మీద ఇంకో లెక్క వేస్తే ఎంత బాగుండునో అనిపించింది.

మామయ్య రక్తపరీక్షకి ల్యాబుకి వెళ్ళాల్సి వచ్చింది. దగ్గరే కదా అని ఇద్దరం నడిచే బయల్దేరాం. స్కూలు గోడ దాకా వచ్చేసరికి నాకు ఊపిరి అందలేదు.

"మామయ్యా, కాస్త మెల్లగా! రైలేమైనా అందుకోవాలా?"

ఆయన ఠక్కున ఆగారు. "నేను రోజూ నడిచే నడకే ఇది. మూడుకే నువ్వు రొప్పుతున్నావా?"

"మూడో ముప్పయ్యో, నా వల్ల కాదు."

పరుగు పందేల కోసం ఆ గోడ మీద వంద మీటర్లకి గీతలు గీసి ఉన్నాయి. మామయ్య వెనక్కి వెళ్ళి మొదటి గీత దగ్గర నిలబడ్డారు. వాచీ చూసుకుంటూ అదే నడక నడిచారు. డెబ్బై ఐదు సెకన్లు. చాలా రోజుల తర్వాత ఆయన పెదాలు లెక్క కడుతూ కదలడం చూశాను.

"గంటకి నాలుగు పాయింట్ ఎనిమిది కిలోమీటర్లు" అన్నారు. నమ్మకం కుదరక మళ్ళీ నడిచారు. మళ్ళీ అంతే.

"ల్యాబో?" అన్నాను.

"ల్యాబెక్కడికీ పారిపోదు. పద ఇంటికి!"

ట్రెడ్‌మిల్ తెర మూల అమ్మినవాళ్ళు అంటించిన స్టిక్కరు ఉంది. గోరుతో గీకాను. దాని కింద, అంకె పక్కనే, చిన్న అక్షరాల్లో, గంటకి మైళ్ళు అని ఉంది. ఆ మూడంటే కిలోమీటర్లలో నాలుగున్నర దాటి నడిచినట్టే.

"యూనిట్ రాయకపోతే పిల్లలకి సున్నా వేస్తారటగా? మరి యూనిట్ చూడకుండా నడిచినవాళ్ళకి ఎంత వేయమంటారు?" అన్నాను. ఇన్నాళ్ళకి దొరికారు, ఊరికే వదులుతానా!

"సున్నాయే వెయ్యి తల్లీ. కాస్త పెద్దదే వెయ్యి" అని పకపకా నవ్వారు.

నవ్వు విని అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది. సంగతి చెప్పాం. ఆవిడ ఆ యంత్రాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"పెళ్ళైన దగ్గర్నుంచీ ఈయన లెక్క ఒక్కటైనా తప్పితే చూడాలని ఉండేది నాకు" అంది.

వెక్కిరించాలనే మొదలుపెట్టింది. కానీ ట్రెడ్‌మిల్ అంచు మీద కూలబడి, చేతుల్లో మొహం దాచుకుంది.

"ఈ లెక్క కూడా సరిపోయి ఉంటే నేనేమైపోయేదాన్నండీ?" అంది.