ఆరు గంటల నలభై నిమిషాలు

ఆసుపత్రి పాత రికార్డులు కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని. ఇంట్లోనే చేస్తాను. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నానికి తెమిలే పని చీకటి పడేదాకా సాగుతుంది. మధ్యలో అదే కంప్యూటర్‌లో చదరంగం ఆటలు చూస్తాను మరి.

"నాన్నా, నీ టైమంతా ఎటు పోతోందో ఇది చెబుతుంది," అని మా అమ్మాయి కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ పెట్టింది. ఏ పనికి ఎంతసేపో అదే రాసుకుంటుంది. ఐదు నిమిషాలు ఏ మీటా నొక్కకపోతే పని ఆగినట్టు లెక్క.

మొదటి రోజు పని గంటన్నర, చదరంగం నాలుగు గంటలు. తల కొట్టేసినట్టయింది. రెండో రోజు తలుపు వేసుకుని, రికార్డు తెరిచి, పొడవాటి స్పేస్‌బార్ మీట మీద నా స్తోత్రాల పుస్తకం బరువుగా పెట్టి, ఫోన్‌లో ఆట చూశాను. ఆ వారమంతా అంతే.

ఆదివారం భోజనాల దగ్గర అమ్మాయి ఆ ప్రోగ్రామ్ లెక్క చదివింది. "రోజుకి ఆరు గంటల నలభై నిమిషాలు. అమ్మా, నాన్న మనిషి కాదే, మిషను."

"పాపం, నేనే ఊరికే సాధిస్తున్నాను," అంది మా ఆవిడ. "ఈ మనిషిని లేపి నేనేం కూర్చుంటాను? లైబ్రరీ కోర్సు వచ్చే ఏడు చూద్దాంలే."

రెండేళ్ళుగా పేరివ్వడం, మానుకోవడం, అదే మాట. ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే; క్లాసులూ అందులోనే, మధ్యాహ్నం రెండింటికి. చేరడానికి ఆ రోజే ఆఖరు.

"నువ్వు చేరు. నేను తెల్లవారకముందే లేచి ముగించేస్తాను," అన్నాను.

"నా కోసం నిద్ర కూడా మానుకుంటారా?" అంది. ఆ చూపులో ఉన్న గౌరవం చూసి ముద్ద కంచంలో పెట్టేశాను. తప్పు దాచి త్యాగం చూపిస్తే అది ఏ పూజతో కడుక్కుపోతుంది? చెప్పేశాను, పుస్తకం సంగతితో సహా.



"దేవుడి సంగతి మీరూ ఆయనా చూసుకోండి," అంది మా ఆవిడ మెల్లగా. "రెండేళ్ళు మీ పనికి అడ్డమని నోరు మూసుకున్నది నేను."

చేయి కడుక్కుని వెళ్ళి నా కుర్చీలో కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను. దరఖాస్తులో ఒక ప్రశ్న: గతంలో రెండుసార్లు పేరిచ్చి ఎందుకు చేరలేదు?

 నా వైపు తిరగలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది: "ఇంటి పనుల వల్ల."