తిరిగి తీసుకురావాలన్న వాక్యం

మా దీవులన్నీ కలిసి ఒక రాష్ట్రమయ్యాక రాజ్యాంగం రాసుకునే పని మా నెత్తిన పడింది. గవర్నరు అధికారాల అధ్యాయం మా చిన్న కమిటీకి వచ్చింది. అధ్యక్షుడు మసాచిరో, పెద్ద దీవి మనిషి. దూరపు దీవుల తరఫున ముసలి సోరిమ్. కోర్టులో దుబాసీని కాబట్టి రాత పని నాది. మిగిలినవాళ్లు మెల్లగా రావడం మానేశారు.

వీటో, మంత్రుల నియామకం ఎలాగో గట్టెక్కాయి. అత్యవసర అధికారాల దగ్గర ఆగిపోయాం. తుఫాను వస్తే దీవి ఖాళీ చేయించే అధికారం గవర్నరుకు ఉండాలంటాడు మసాచిరో. వద్దంటాడు సోరిమ్. రేకుల కప్పు కింద ఒకటే ఉక్క. రోజూ అవే మాటలు.

"అన్నా, గాలికి ఇళ్లు లేచిపోతుంటే నీ దగ్గరికొచ్చి అనుమతి అడగమంటావా?" అన్నాడు మసాచిరో.

"అడగొద్దు. ఓడ ఎక్కించండి. మళ్లీ ఎప్పుడు దింపుతారో అది రాయండి ముందు."

"ఎలా రాస్తాం? తుఫాను మనకు చెప్పి వస్తుందా, చెప్పి పోతుందా?"

సోరిమ్ తమ ఊరి సంగతి చెప్పాడు. అతని చిన్నతనంలో అప్పటి పరదేశపు పాలకులు తుఫాను పేరు చెప్పి ఊరందర్నీ ఓడ ఎక్కించారట. నెల్లాళ్లన్నారట. తిరిగొచ్చేసరికి అతనికి పెళ్లయి పిల్లలు పుట్టారు. తల్లిని పరాయి దీవి ఇసుకలోనే పూడ్చాల్సి వచ్చింది.

"మా చేమ మడులు తుఫానుకు పోలేదు కాసియో," అన్నాడు నాతో. "చూసే దిక్కులేక పోయాయి."

మసాచిరో తల వంచుకున్నాడు. "మా చెల్లెలుండే దీవిలో ఎవర్నీ ఎక్కించలేదు. పైనుంచి ఉత్తర్వు రావాలని దొర కూర్చున్నాడు. ఉత్తర్వు తుఫాను పోయాక వచ్చింది. చెల్లెలు దొరకలేదు."

ఆ తర్వాత వాదించే ఓపిక ఎవరికీ లేకపోయింది. నేను రెండు వాక్యాలు రాశాను. ప్రమాదమైతే గవర్నరు జనాన్ని తరలించవచ్చు. ప్రమాదం తొలగాక, కోరినవాళ్లను రాష్ట్రం తన ఖర్చుతో తిరిగి తీసుకురావాలి. ఇద్దరూ తలూపారు.

నిండు రాజ్యాంగ సభలో మా వాక్యాలు చదవగానే ఒకాయన లేచాడు. "ఓడ ఖర్చు ఎవరిస్తారు? రెండో వాక్యం కొట్టేయండి."

"రాయకపోయినా కోర్టు ఆ హక్కు కాపాడుతుంది," అన్నాడు విదేశం నుంచి వచ్చిన న్యాయ సలహాదారు.

"కోర్టు మా దీవికి ఎప్పుడొచ్చింది బాబూ?" అన్నాడు సోరిమ్. కొందరు నవ్వారు. అతను లేవబోయాడు, మోకాళ్లు సహకరించలేదు.

మసాచిరో లేచాడు. కొట్టేయడానికి ఒప్పుకుంటాడనే అనుకున్నాను.

"మొదటి వాక్యం నాది," అన్నాడు నీరసంగా. "రెండోది తీసేస్తే నాదీ తీసేయండి. తిరిగి దింపని ఓడ జనం ఎక్కరు. ఎక్కకపోతే చస్తారు."

కూర్చున్నాడు. ఓటింగులో వాక్యం నిలిచింది. కానీ 'రాష్ట్ర ఖర్చుతో' పోయింది, 'ప్రమాదం తొలగాక' ముందు 'గవర్నరు అభిప్రాయంలో' వచ్చి చేరింది.

బయటికొచ్చాక సోరిమ్ మారిన వాక్యాన్ని మా భాషలో చదివి వినిపించమన్నాడు. చదివాను.

"గవర్నరు అభిప్రాయమా? మరి మాది?"

నేను కాగితం మడిచాను.

"పోనీలే. తిరిగి అన్న మాటైతే ఉంది." మసాచిరో భుజం పట్టుకుని మెట్లు దిగాడు. "రేపు ఏముంది?"

"గవర్నరు ఊళ్లో లేనప్పుడు ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చాలి అన్నా," అన్నాడు మసాచిరో.

"ఎవరో ఒకర్ని కూర్చోబెట్టండి. నేను మధ్యాహ్నం వస్తా."