పక్క సీటు బ్రేకు

ఒకరిని నమ్మడమంటే ఏమిటి? వాళ్లు పొరపాటే చేయరనుకోవడమా, చేసినా వాళ్లే సర్దుకుంటారనుకోవడమా?

లిఫ్టుల తనిఖీలో జీవితమంతా గడిపి కిందటేడు పదవీ విరమణ చేసిన ఆ పెద్దమనిషి, శనివారం పొద్దున, తమ భవనం కింద నిలిపిన చిన్న కారులో డ్రైవరు పక్క సీట్లో కూర్చుని తనకు తానే ఈ ప్రశ్న వేసుకుంటున్నాడు. బీమా ఏజెంటు రావలసి ఉంది. ఆయన కాళ్ల దగ్గర ఒక ఇనుప పెడలు ఉంది. బ్రేకు పెడలు. మామూలుగా ఏ ఇంటి కారులోనూ ఆ చోట పెడలు ఉండదు. బావమరిదికి గ్యారేజీ ఉంది గనుక, అతని చేత ఆయనే పట్టుబట్టి పెట్టించాడు.

ఇంట్లో పెద్ద కారు ఆయనది. ఈ రెండోది, ఎవరెవరి చేతులు మారి వచ్చిందో గాని, ఆయన భార్యది. ఆమె నర్సు. ఆసుపత్రి కొలువు మాని, మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చే కొత్త పనికి ఒప్పుకుంది. సోమవారం చేరాలి. వాళ్లు పెట్టిన షరతు ఒకటే: సొంత కారు ఉండాలి, దానికి బీమా ఉండాలి. యాభై దాటాక స్టీరింగు పట్టుకున్నా, మొదటి పరీక్షలోనే లైసెన్సు తెచ్చుకున్న మనిషి ఆమె. కారు ఉంది, లైసెన్సు ఉంది, పనికి పిలిచినవాళ్లు ఉన్నారు. బీమా దగ్గరే బండి కూలబడింది.

ఫోను చేసిన ప్రతి కంపెనీ, వాహనంలో ఏమైనా మార్పులు చేశారా అని అడిగేది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పేవాడు. అవతలి గొంతు ఒక్క క్షణం తడబడేది.

"అంటే డ్రైవింగ్ స్కూలు కారా సార్?"

"కాదు బాబూ, సంసారుల కారే."

"రెండు బ్రేకులుంటే మా దగ్గర స్కూలు కారే సార్."

ఆ తరువాత చెప్పే ప్రీమియం వింటే, ఆమె పనికి వెళ్లేది రోగుల కోసమా, బీమా కంపెనీ కోసమా అన్న అనుమానం వచ్చేది.

బావమరిది సలహా సులువైనది. "మార్పుల్లేవని చెప్పు బావా. ఎవడొచ్చి నీ కాళ్ల దగ్గర తొంగి చూస్తాడు? నువ్వేమన్నా హరిశ్చంద్రుడి మేనల్లుడివా?"

"ఏదైనా జరిగిన రోజు చూస్తారురా. ఆ రోజున అక్కరకు రాని కాగితం చిల్లుకుండతో సమానం."

"అయితే పీకేస్తా. చిటికెలో పని."

"పీకొద్దు."

"మా అక్క మీద నీకు నమ్మకం లేదన్నమాట."

"మీ అక్క మీద ఉంది. రోడ్డు మీద లేదు."

బావమరిది గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నవ్వాడు. "ఈ ముక్క మా అక్క ముందు అను, చూద్దాం."

అనవలసిన అవసరం లేదు, ఆమెకు తెలుసు. తాడు తెగితే పట్టుకునే రెండో బ్రేకు లేని లిఫ్టుకు ఆయన ఏనాడూ సంతకం పెట్టలేదు. ఎంత పలుకుబడి గలవారి భవనమైనా, ఎంత బతిమాలినా, ససేమిరా అనేవాడు. ఆ అలవాటు ఉద్యోగంతో పాటు పోలేదు. రోజూ ఆమెకు తోడు వెళ్లి, ఆమె కట్లు మార్చి వచ్చేదాకా రోగుల ఇళ్ల ముందు కారులోనే కూర్చుందామని నిశ్చయించుకున్నాడు.

"నర్సుకు ఒక నర్సా?" అంది ఆమె, కొత్త పనికి వేసుకోవలసిన తెల్లకోటు ఇస్త్రీ చేస్తూ. "అయినా నేనేమన్నా లిఫ్టునా? తాడు కట్టి వేలాడదీశారా నన్ను?"

"లిఫ్టయితే ఇంత నోరుండేది కాదు."

"లిఫ్టయితే మీరు నొక్కిన అంతస్తులోనే ఆగాల్సి వచ్చేది. బతికిపోయాను."

ఇంత మాట్లాడినా, ఆ పెడలు తీయించమని మాత్రం ఆమె ఒక్కనాడూ అనలేదు. అది ఉండటమే ఆమెకూ ధైర్యం కాబోలని ఆయన అనుకున్నాడు.

అలా వెతగ్గా వెతగ్గా, మార్పులు చేసిన కార్లను స్వయంగా చూసి బీమా ఇచ్చే చిన్న కంపెనీ ఒకటి దొరికింది. దాని ఏజెంటు ఇప్పుడు స్కూటరు దిగి, హెల్మెట్ చంకన పెట్టుకుని వస్తోంది. నలభై ఏళ్ల మనిషి, పొట్టిగా, చురుగ్గా ఉంది. ఆయన దిగి తలుపు తెరిచి పట్టుకున్నాడు. పైనుంచి భార్య కూడా తాళాలు పట్టుకుని వచ్చింది. ఏజెంటు మోకాళ్ల మీద వంగి, టార్చి వేసి పెడలు చూసింది.

"పని శుభ్రంగా చేశారు అన్నయ్యగారూ. కానీ ఎందుకు పెట్టించారు?"

"భద్రతకు."

"ఎవరి భద్రతకు?"

"అందరి భద్రతకూనమ్మా."

ఏజెంటు టార్చి ఆర్పి లేచింది. "ఒకసారి తిప్పి చూపించండి. వదినగారూ, మీరు నడపండి. నేను ముందు కూర్చుంటా. అన్నయ్యగారు వెనక."

ఆ కారులో వెనక కూర్చోవడం ఆయనకు అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. కారు గేటు దాటి దుకాణాల వీధిలోకి తిరిగింది. ఏజెంటు పాదాలు రెండూ సీటు కిందికి మడుచుకుని, ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్తున్నంత నిశ్చింతగా కూర్చుంది. ఆయన చూపంతా ఆ పాదాల మీదే ఉంది. అవి పెడలుకు అంత దూరాన ఎందుకున్నాయి?

ఇంతలో, ఆగి ఉన్న సరుకుల వ్యాను తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంది. ఆయన కాలు కారు నేలను బలంగా తొక్కింది. కానీ కారు అప్పటికే నెమ్మదించి, కొద్దిగా పక్కకు జరిగి, తలుపును దాటేసింది. వ్యానువాడు తప్పయిందన్నట్టు చెయ్యెత్తాడు. భార్య తల ఊపింది. కారులో ఎవరూ ముందుకు తూలలేదు. ఏజెంటు పాదాలు కదలలేదు.

అప్పుడు ఆయనకు ఒక సంగతి తెలిసింది. కారు ఇంత నునుపుగా నడవడం తాను ఇంతవరకు ఎరగడు. తానెక్కిన ప్రతిసారీ అది గతుకుల మీద పోతున్నట్టు ఆగి ఆగి నడిచేది. కారు పాతది, దాని గుణమే అంత అనుకునేవాడు.

వీధి చుట్టి మళ్లీ భవనం కిందికి వచ్చాక ఏజెంటు అడిగింది. "వదినగారూ, మామూలుగా కూడా ఇలాగే నడుపుతారా?"

భార్య అద్దంలో వెనక్కి చూసి, చూపు తిప్పుకుంది.

"చెప్పు" అన్నాడు ఆయన.

"ఆయన పక్కనుంటే ఇలా కుదరదు. ఒక కన్ను రోడ్డు మీద, ఇంకో కన్ను ఆయన మోకాలి మీద పెట్టాలి."

"మోకాలి మీదా?"

"కాలు లేచే ముందు మోకాలు కదులుతుంది కదా. అది కదిలిందంటే నేనే గబుక్కున బ్రేకు వేసేస్తా. లేకపోతే ఆయన వేస్తారు. ఆయన వేశారంటే, వెనకొచ్చేవాడు మా డిక్కీలో ఉంటాడు."

ఏజెంటు నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన నవ్వలేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"పెట్టించిన నాటి నుంచే."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే ఏం చేస్తారు, గుమ్మంలో నిలబడి గుండె చేత్తో పట్టుకుంటారు. పక్కన కూర్చుంటే కాస్త స్థిమితంగా ఉంటారు కదా. మీ భయానికి కాలు పెట్టుకునే చోటు దొరికింది, పోనీలే అనుకున్నా."

ఆయన ఆ మాటలు వింటూ తన వృత్తినే తలపోశాడు. లిఫ్టులో రెండో బ్రేకు ఏ భయమూ ఎరగదు. పెట్టె సవ్యంగా దిగుతున్నంతసేపు దాని జోలికి పోదు. వేగం హద్దు దాటినప్పుడే పట్టుకుంటుంది. అందుకే ఇన్నేళ్లూ దానిని నమ్మాడు. ఈ కారులోని రెండో బ్రేకుకు అలాంటి హద్దు లేదు. దానికి ఉన్నది తన మోకాలు. ఆ మోకాలిని కనిపెట్టుకుని ఉండటానికి, రోడ్డు మీద ఉండవలసిన కన్నుల్లో ఒకటి ఇన్నాళ్లూ తనకు కేటాయించింది ఈ మనిషి. తాను ఆమెను కాపాడుతున్నాననుకున్నాడు. ఆమె రోడ్డుతో పాటు తనను కూడా నడుపుతోంది.

ఏజెంటు హెల్మెట్ చేతికి తీసుకుంది. "నేను రాసివ్వగలను అన్నయ్యగారూ, స్కూలు రేటుకు. ఈ పెడలు లేకపోతే మామూలు రేటు. ఇంకా రెండిళ్లకు వెళ్లాలి, ఏదో ఒకటి చెప్పండి."

ఆయన నోరు విప్పకముందే భార్య అందుకుంది. "ఆ రేటుకే రాయండి. మొదట్లో ఖర్చులు కాస్త బిగపట్టుకుంటే అదే సర్దుకుంటుంది. ఆయనకు నిద్ర పట్టాలి కదా."

ఆయన కారు దిగాడు. పెద్ద కారు దగ్గరికి వెళ్లి, వెనక డోరు ఎత్తి, తన పనిముట్ల సంచి తెచ్చాడు. చొక్కా చేతులు పైకి మడిచి, పక్క సీటును వెనక్కి జరిపి, నేల మీద వెల్లకిలా పడుకుని తల లోపలికి దూర్చాడు.

"ఏమండీ, ఏంటది? తమ్ముణ్ణి పిలుద్దాం. నడుం పట్టేస్తుంది!"

"లిఫ్టు గోతుల్లో పడుకున్న నడుమే ఇది. ఆ టార్చి ఇటు పట్టుకో."

ఆమె టార్చి పట్టుకుంది. మొదటి బోల్టు మొండికేసి, కిర్రుమని వదిలింది. రెండోది సులువుగా వచ్చింది. ఈ పెడలును ఆమె బ్రేకుతో కలిపే కడ్డీని విప్పి తీశాడు.

"ఎక్కి కూర్చుని నీ బ్రేకు తొక్కు."

ఆమె తొక్కింది.

"మళ్లీ. గట్టిగా."

మళ్లీ తొక్కింది. ఆయన పడుకునే, ఆమె చెప్పు కింద పెడలు పూర్తిగా దిగి లేవడం చూశాడు. ఆ తరువాత కడ్డీనీ, ఇనుప పెడలునూ రెండు చేతులా పట్టుకుని బయటికి వచ్చి, చొక్కాకంటిన దుమ్మును లెక్కచేయకుండా పక్కకు తప్పుకున్నాడు.

"ఫోటో తీసుకోమ్మా" అన్నాడు ఏజెంటుతో. "మామూలు రేటుకు, ఈవిడ పేరున రాయి. నడిపేది ఈవిడ ఒక్కతే."