నాలుగో రోజు రాని మూల

మా ఇంటి పడమటి మూల రోజుకో ఫర్లాంగు పొడుగవుతోంది. ఇవాళ ఇరవై మూడో ఫర్లాంగు.

ఆ చివర చాప మీద పదమూడేళ్ళ నా కూతురు వకుళ కూర్చుని ఉంది. దానికి ముట్టు ఆగడం లేదు. నాలుగో రోజు తలస్నానం చేస్తేగాని దాన్ని ఎవరూ తాకకూడదు. ఆ నాలుగో రోజు రావడం లేదు.

"ఎందుకమ్మా కంగారు?" అంటుంది అత్తయ్య చింతపండు పిసుకుతూ. "మా ఇంటి ఆడపిల్లలకి అంతే. నాకూ నెలంతా అయ్యేది. చచ్చానా?"

నాకు ఒళ్ళు మండిపోతుంది. ఇన్నాళ్ళూ "సరే అత్తయ్యా" అన్న నా నోటినే వాయించాలనిపిస్తుంది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తాను. ఆవిడ గోడలోంచి వచ్చి, మూలలోకి వెళ్ళే ఆటోలో నా పక్కన కూర్చుంటుంది. అత్తయ్య కూడా ఎక్కుతుంది. దారి తనకే తెలుసట.

ఆటో మూల చివరికి చేరేసరికి వకుళ ఒంట్లోంచి చాప గళ్ళు కనిపిస్తున్నాయి.

"గంటకో పాడ్ తడిసిపోతోందా?" డాక్టరమ్మ దాన్ని అడుగుతుంది.

"అవునండీ."

"పళ్ళు తోముకుంటే రక్తం వస్తుందా?"

"వస్తుందండీ. అందరికీ రాదా?"

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"అందరికీ," అంటుంది అత్తయ్య గొప్పగా.

డాక్టరమ్మ రాయడం ఆపుతుంది. "మీ వంశంలో రక్తం సరిగ్గా గడ్డకట్టదనుకుంటా. పరీక్షలు చేయాలి. ఆపడానికి మందులున్నాయి. ముందు పిల్లకి రక్తం ఎక్కించాలి, ఎత్తుకోండి."

"ముట్టుకోవాలా?" అంటుంది అత్తయ్య.

నేను ముట్టుకుంటాను. నా బిడ్డ ఆరిన బట్టంత తేలిగ్గా ఉంది.

దాన్ని ఎత్తగానే, దాని వెనక మరో చాప కనిపిస్తుంది. దాని మీద లంగా ఓణీలో పదహారేళ్ళ పిల్ల, పక్కన సత్తు కంచం. హాల్లో దండ వేసిన ఫొటోలో ఉన్న పిల్లే. అత్తయ్య చెల్లెలు సుభాషిణి. జ్వరంతో పోయిందని చెప్పేది అత్తయ్య.

"అక్కా, నాలుగో రోజు వచ్చిందా?" అని అడుగుతుంది సుభాషిణి.

అత్తయ్య గబుక్కున ఆటో దిగుతుంది. "వస్తున్నానే! ముట్టుకుంటానే!" అని అరుస్తూ పరుగెడుతుంది. ఆమె ఎంత పరుగెడితే చాప అంత వెనక్కి జరుగుతోంది.

"ఆస్పత్రికి పోనీవయ్యా, తొందరగా," అంటాను ఆటో అతనితో, పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఎక్కుతూ. వకుళ నా కొంగు పట్టుకుంటుంది, పట్టు బొత్తిగా లేదు. వెనక్కి తిరిగి చూస్తాను. అత్తయ్య జుట్టు నల్లబడి, రెండు జడలై, పరికిణీ ఎత్తి పట్టుకుని ఇంకా పరుగెడుతోంది. ఆమె అడుగు పడిన చోటల్లా నేల మీద ఒక ఖాళీ చాప పరుచుకుంటోంది.