ప్రొఫెసర్ నోల్టె గారి చుట్టాలు

లైప్‌జిగ్‌లో మనస్తత్వశాస్త్రానికి పునాదులు వేసిన మహానుభావుల్లో ఒకడైన ప్రొఫెసర్ ఎగ్బర్ట్ నోల్టె పొద్దున్నే లేచి, బార్లీ కాఫీ తాగి, రెండు రొట్టెలు తిని ప్రయోగశాలకు వెళ్లేవాడు. అక్కడ గంట కొట్టేవాడు. ఎదురుగా కూర్చున్న విద్యార్థి గంట వినగానే మీట నొక్కాలి. వినడానికీ నొక్కడానికీ మధ్య ఎంత ఆలస్యమైందో గడియారం చెప్పేది. మనసంటే ఆ ఆలస్యమేనని ఆయన తేల్చాడు. పండితులంతా తలూపారు.

కాఫీ, రొట్టెలు ఇచ్చేది ఇంటి యజమానురాలు ఓటిలియ. భర్త పోయాక మేడమీది గదులు ప్రొఫెసర్‌కి అద్దెకిచ్చింది. ఆయన కంటే ఆయన చుట్టాలతోనే ఆవిడకి చాకిరీ ఎక్కువ.

చుట్టాలంటే ఆయన భావాలే. నోల్టెకి ఏ భావమూ వేళకి కలిగేది కాదు. కొన్నాళ్లు గడిచాక మనిషి రూపంలో కాలినడకన వచ్చి తలుపు తట్టేది. తండ్రి చనిపోయిన రోజున ఆయన శవపేటిక చెక్క గురించి వడ్రంగితో తీరిగ్గా చర్చించాడు. దుఃఖం ఆ తర్వాతి గురువారం వచ్చింది, నల్లకోటుతో, బురద బూట్లతో. ఓటిలియ బూట్లు బయటే విప్పించి, బంగాళాదుంపల సూప్ పోసి మేడమీదకి పంపింది. అప్పుడుగాని ఆయన ఏడవలేదు.

"ప్రొఫెసర్‌గారూ, మీ కోపం వచ్చింది!" అని కింద నుంచి కేకేసేది.

"ఎవరి మీదట?"

"పోయిన సోమవారం మిమ్మల్ని గాడిద అన్నాయన మీదట."

"ఓ, అదా! పంపించండి."

వీధిలో వాళ్లకీ ఇది అలవాటే. ఎర్రముక్కు మనిషి దారి వెతుక్కుంటుంటే మాంసం కొట్టతను, "నోల్టెగారి కోపానివా? అదిగో, ఆ పచ్చ తలుపు" అని చూపించేవాడు.

చూస్తున్నప్పుడు ఏమీ అనిపించని పరిశీలకుడు ఇంకెక్కడ దొరుకుతాడు? అందుకే ఆయనకంత పేరు. భావాల మీద ఒక మహాగ్రంథం మొదలుపెట్టాడు. భయం, కోపం, అసూయ పూర్తయ్యాయి. ప్రేమ అధ్యాయం దగ్గర కలం ఆగింది.

ఆ శీతాకాలం హాలే ఊరి నుంచి బ్రూనో అనే పొయ్యిల వ్యాపారి ఓటిలియని పెళ్లాడతానని కబురు పెట్టాడు. మంచివాడే. మేడమీది మనిషి ఒక్క మాటంటే ఉండిపోవాలని ఆవిడ ఆశ. సిగ్గు విడిచి తనే అడిగేసింది.

"హాలేలో మా అక్క ఇంటికి వెళ్తున్నా. ఆదివారం బ్రూనోకి జవాబు చెప్పాలి. మీరు వద్దంటే ఆగిపోతా. మీకేమీ అనిపించట్లేదా?"

నోల్టె కళ్లు మూసుకుని నిజాయితీగా తనలోకి చూసుకున్నాడు. "ఏమీ లేదండీ."

"ఉంది. ఇన్నేళ్లుగా మీ చుట్టాలకి వండి పెడుతున్నదాన్ని, నాకు తెలీదా?"

"క్షమించాలి. మీకు పరిశీలనలో శిక్షణ లేదు. శిక్షణ లేనివాళ్ల సాక్ష్యం మా శాస్త్రంలో చెల్లదు."

"మీ శాస్త్రం మండిపోనూ!"

అయినా ఓటిలియ వెంటనే కదల్లేదు. వీలైనన్నాళ్లు ఆగింది. కొత్త చుట్టం వస్తున్నాడేమోనని వీధి మలుపు దాకా వెళ్లి చూసి వచ్చింది. ఎవరూ రాలేదు. శుక్రవారం పెట్టె సర్దుకుని రైలెక్కి, దారి పొడుగునా ఏడ్చింది.

శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీసేవాళ్లు లేక నోల్టె తనే దిగివచ్చాడు. గుమ్మంలో ఒక లావుపాటి మనిషి మంచులో తడిసి, టోపీ చేత్తో పట్టుకుని రొప్పుతున్నాడు. ఏ చుట్టం ఎవరో ఎప్పుడూ ఓటిలియే చెప్పేది. నోల్టె పోల్చుకోలేకపోయాడు.

"ఓటిలియగారి కోసం వచ్చారా?"

ఆ మనిషి గబగబా తలూపాడు.

"ఆవిడ హాలే వెళ్లారు. సాయంత్రం బండి ఉంది." పాపం అనుకోకపోయినా మర్యాద తెలిసినవాడు గనక చిరునామా చెప్పి, తన గొడుగు కూడా ఇచ్చి పంపాడు. పైకెళ్లి కలం తీసుకున్నాడు. ప్రేమ గురించి జనం చెప్పుకుంటారు గాని శిక్షణ పొందిన పరిశీలకుడికి అది ఎన్నడూ ఎదురుపడలేదని రాసి అధ్యాయం ముగించాడు.

ఆదివారం ఉదయం హాలేలో తలుపు తీసింది ఓటిలియే. నోల్టె గొడుగుతో నిలబడ్డ ఆ లావుపాటి మనిషిని ఇంతకుముందెన్నడూ చూడకపోయినా, ఎవరో చూడగానే తెలిసిపోయింది.

"ఇంత ఆలస్యమా?"

"ఎప్పుడో బయల్దేరానండీ. దారంతా మొహమాటం."

"ఆయన్ని కలిశావా మరి?"

"కలిశాను. మీ చిరునామా ఆయనే చెప్పారు."

ఓటిలియ గుమ్మం పట్టుకుని పడీపడీ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"ఎవరే? బ్రూనోనా?" లోపల్నుంచి అక్క అడిగింది.

"కాదక్కా. బ్రూనోని రావద్దని కబురు పెట్టు," అంటూ ఓటిలియ తడిసిన కోటు అందుకుంది. "ఈయన ఇక నాతోనే ఉంటాడు."