చెవుల్లో దూది

ముప్పై ఏళ్ళుగా ఆ పూసల షెడ్డులో అక్కగారి మాటకు తిరుగులేదు. షెడ్డు తమ్ముడిదే కావచ్చు, బర్నర్ ముందు కుర్చీ మాత్రం ఆవిడది. గాజుకడ్డీని మంటలో పెట్టి, కరిగిన చుక్కను సన్నటి ఇనపపుల్లకు చుట్టి పూస చేయడం ఎవరైనా నేర్చుకుంటారు. మంటను కుదర్చడం మాత్రం అక్కగారికే తెలుసు. ముందు గ్యాసు వెలిగించి, ఆక్సిజన్ మర తిప్పుతూ చెవి ఒగ్గేది. మంట బుసలోంచి సన్నటి ఈల మొదలవగానే చెయ్యి ఆగేది. "మంటను చూడటం కాదర్రా, వినండి" అని కొత్తగా వచ్చినవాళ్ళ బుర్ర తినేది.

అలాంటిది వారం రోజులుగా తెల్లపూసలన్నీ పాడైపోతున్నాయి. ఒళ్ళంతా పొక్కులే. గాజు మంచిది కాదంది. సిలిండరు మార్చినవాణ్ణి తిట్టింది. కిటికీలోంచి వచ్చే గాలినీ వదల్లేదు. ఆవిడ తప్పు మాత్రం ఎక్కడా లేదు, ఎందుకుంటుంది పాపం.

చివరికి దండలు గుచ్చే మరదలే నోరు విప్పింది. "వదినా, ఏమనుకోకు. ఆ మంట అరుపు వీధి చివరిదాకా వినిపిస్తోంది."

"నాకు మామూలుగానే ఉందే" అంది అక్కగారు. అన్నాక తనే ఆగిపోయింది. మరదలు తలెత్తకుండా దారానికి ముడి వేసుకుంటూ కూర్చుంది.

అయితే లోపం గాజుది కాదు, తన చెవులది. ఆ ఈల చెవిన పడేదాకా ఆక్సిజన్ పెంచుతూ, గాజును ఉడకబెట్టేస్తోందన్నమాట. సిగ్గుతో చితికిపోయింది. ఏడుపు కూడా వచ్చింది కానీ మింగేసింది.

తమ్ముడికి తెలియడానికి ఎంతసేపు. మధ్యాహ్నానికల్లా వచ్చి, ఎదురుగా నిలబడి, గొంతు పెంచి చెప్పాడు. "ఇక దండలు గుచ్చుకో అక్కా. రేపట్నుంచి కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతాను. చెవి సరిగా లేకపోతే ఈ పనికి పనికిరారని నువ్వేగా నేర్పావు."

దండలు గుచ్చడం నామోషీ ఏమీ కాదు. కానీ మంట ముందు నుంచి లేపేస్తే తను ఎందుకు బతికున్నట్టో ఆవిడకే తెలియదు.

"నేర్పింది నేనే అయితే మార్చేదీ నేనే" అంది. "లేవను. ఏం చేసుకుంటావో చేసుకో."

"మొండితనం కాకపోతే ఏమిటక్కా ఇది?"

అక్కగారు చెయ్యి చాచి పూసలు సర్దే పెట్టెలోంచి దూది పీకి, ఉండలు చేసి, రెండు చెవుల్లోనూ కుక్కుకుంది. సగం వినిపించి మోసం చేసే చెవులు ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

గ్యాసు వెలిగించింది. పసుపుపచ్చటి మంట లేచింది. ఆక్సిజన్ తిప్పితే నీలంగా మారింది. అలవాటు కొద్దీ మెడ పక్కకు వంగింది. తనను తానే తిట్టుకుని నిటారుగా కూర్చుంది. రంగు కళ్ళద్దాలు సర్దుకుని, ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ మంటను పరకాయించి చూసింది. బర్నర్ మూతి దగ్గర చిన్నచిన్న నీలి మొనలున్నాయి. ఇన్నాళ్ళూ ఎదురుగానే ఉన్నా వాటి మొహం చూసిన పాపాన పోలేదు.

తెల్లకడ్డీ పెట్టింది. మసి పట్టి బూడిదరంగుకు తిరిగింది. ఆక్సిజన్ చాలలేదు. చూశావా అన్నట్టు తమ్ముడు తల ఆడించాడు. ఆవిడ అటు చూడనైనా లేదు. మర కాస్త తిప్పి, కొత్త కడ్డీ పెట్టింది. ఈసారి అంచున బుడగ లేచింది. వెంట్రుకవాసి వెనక్కి తిప్పింది. నీలి మొనలు బియ్యపుగింజంత అయ్యాక ఇంకో కడ్డీ పెట్టింది. మసి లేదు, బుడగ లేదు. గాజు తేనెలా సాగింది.

పుల్లకు చుట్టి, తిప్పి, మంట బయట పట్టి చూసింది. నున్నటి పూస. ఇంకొకటి చేసింది. ఇంకొకటి. ఐదో పూసకు తమ్ముడి బింకం సడలింది.

"సరేలే అక్కా. కుర్చీ నీదే, కూర్చో."

దూది దాటి ఆ మాట లోపలికి పోలేదు. మరదలే భుజం తట్టి, "కూర్చోమంటున్నాడు వదినా" అని పెదాలు కదుపుతూ విడమరిచి చెప్పింది.

"కూర్చునే ఉన్నానుగా, వాణ్ణి ఎవరడిగారు" అంది అక్కగారు, ఆరో పుల్ల అందుకుంటూ.