బ్రేకు తొక్కే మనిషి

ఆ ఇంటి అత్తగారు రోజూ ఉదయం ఏడింటికల్లా రెండో అంతస్తు బాల్కనీలో కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది. నలభై ఏళ్లు టాక్సీ నడిపిన మనిషి. రెండేళ్ల కిందట తుంటి విరిగింది, అతుక్కుంది కూడా. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే గదిలో తిరుగుతుంది గానీ ఆ నిటారు మెట్లు దిగలేదు. కుర్చీలో మోసుకెళ్తామంటే ఒప్పుకోదు. "ఊరందర్నీ మోసినదాన్ని, ఇప్పుడు మోయించుకుంటానా?" అంటుంది. ఈమధ్య తిండి తగ్గించింది, మాటా తగ్గించింది. అమ్మ ఇలాగే కూర్చుని కూర్చుని ఆరిపోతుందేమోనని కూతురికి దిగులు.

ఆ ఆదివారం అల్లుడు కింద ఆవిడ పాత కారు దగ్గర చేరాడు. ముందు ఎడమ చక్రంలో గాలి నిలవడం లేదు. అతను స్కూటర్లు బాగుచేస్తాడు, కాబట్టి లోకంలో యంత్రాలన్నీ తనకు తెలుసనుకుంటాడు. నట్టు కదల్లేదు. పానాకి ఇనప గొట్టం తొడిగి, దానిమీద ఎక్కి తొక్కాడు. టప్పుమంది. చక్రాన్ని ఇరుసు చివరి హబ్బుకి పట్టి ఉంచే ఐదు స్టడ్లలో ఒకటి విరిగింది. ఇంకో రెండు విరిగేదాకా మహానుభావుడికి అనుమానం రాలేదు.

"స్టడ్లు తుప్పు పట్టిపోయాయి అత్తయ్యగారూ!"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఈ కారుకి ఎడమవైపు మరలు తిరగేసి ఉంటాయి బాబూ. నువ్వు విప్పుతున్నాననుకుని బిగిస్తున్నావు. విరగక ఏం చేస్తాయి?"

మిగిలిన రెండు నట్లూ రెండోవైపు తిప్పగానే సుళువుగా వచ్చేశాయి. చక్రం ఊడీ ఊడగానే కారు ఆ మూల మూరెడు పైకి లేచింది. చక్రం తీస్తే వేరే కార్లు కిందికి వాలతాయి, ఇది పైకి లేస్తుంది. అందుకే ఆ ఇంట్లో జాకీ కొనలేదు, మోకు కొన్నారు. దాంతో కారుని కొళాయి పక్క స్తంభానికి కట్టి ఉంచుతారు. ఎదురింటాయన బంపరు నడుముకి తగలకుండా పక్కకి తప్పుకుని, "చక్రం తీశారా?" అని పలకరించి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి చక్రానికి పంక్చరు వేయడం అయింది, పాత సామాన్ల కొట్లో స్టడ్లూ దొరికాయి. అల్లుడు హబ్బు ఊడదీసి, విరిగిన ముక్కల్ని సుత్తితో కొట్టి తీసేసి, కొత్తవి వెనకనుంచి దూర్చి, హబ్బుని మళ్లీ ఎక్కించాడు. ఇక నట్టు బిగిస్తూ ఒక్కో స్టడ్డునీ పూర్తిగా లోపలికి లాగాలి. హబ్బు తిరక్కుండా ఎవరైనా బ్రేకు తొక్కిపట్టాలి.

కూతురు కార్లో కూర్చుని తొక్కింది. హబ్బు తిరిగింది. మళ్లీ తొక్కింది. మళ్లీ తిరిగింది. ఆమె పాదం పెడల్ మీద ఊరికే ఆని ఉందని భర్త గమనించలేదు.

"నా వల్ల కావట్లేదమ్మా! ఇది నీ కాలికి అలవాటైన బ్రేకు."

అత్తగారు ఊచలు పట్టుకుని పైనుంచి తొంగిచూసింది. "అయితే నన్నేం చెయ్యమంటావే? దూకమంటావా?"

"ఏవండీ, మిగతా మూడూ తీసెయ్యండి," అంది కూతురు.

నాలుగు చక్రాలూ తీసిన రోజు అంతవరకూ లేదు. అల్లుడు మోకు కొంచెం కొంచెం వదులుతుంటే కారు నిదానంగా లేచింది. మొదటి అంతస్తువాళ్లు ఆరేసిన బట్టలు పక్కకి జరుపుకున్నారు. బాల్కనీ ఊచల మధ్య సామాన్లు అందుకోవడానికి చిన్న తలుపు ఉంది. కారు వచ్చి సరిగ్గా దానికెదురుగా ఆగింది. అప్పటికే పైకి పరిగెత్తిన కూతురు చెయ్యి అందించింది. అత్తగారు మూలుగుతూ, విసుక్కుంటూ ఎక్కి తన సీట్లో కూర్చుంది. ఇద్దరు పొరుగువాళ్లు సాయం పడితే అల్లుడు మోకు లాగి కారుని మోకాలెత్తుకి దించి కట్టేశాడు.

"తొక్కండి!"

తొక్కింది. తుంటి నుంచి మడమ దాకా కాలు వణికింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తను చేసింది తప్పేమోనని, కిందికి దిగొచ్చిన కూతురు హడలిపోయి, "చాల్లే అమ్మా," అంది. ఆవిడ వినిపించుకోలేదు. హబ్బు కదల్లేదు. ఒక స్టడ్డు కూర్చుంది. రెండోదీ కూర్చుంది. మూడోది బిగిసేసరికి ఆవిడ చెమటతో తడిసిపోయి, "త్వరగా కానివ్వవయ్యా నత్తనడక మనిషీ!" అని అల్లుడి మీద అరిచింది. ఈ రెండేళ్లలో ఆ గొంతు అంత గట్టిగా లేవలేదు. కూతురు సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

చక్రాలు ఒక్కొక్కటే ఎక్కిస్తుంటే కారు బరువు తెచ్చుకుని నేలకి ఆనింది.

అల్లుడు చేతులు తుడుచుకుంటూ, "కొత్త స్టడ్లు కదండీ, యాభై కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించాలి. రేపు నేను తిప్పుకొస్తాలెండి," అన్నాడు.

"యాభయ్యా?" అత్తగారు అద్దాన్ని తన ఎత్తుకి సరిచేసుకుంది. "అయితే ఆ పానా డిక్కీలో పడేసి ఇద్దరూ ఎక్కండి."